గుస్తావ్ చేసిన కాఫీ కూజా

లియోనీని పెళ్ళి చేసుకునేటప్పటికి నాకు యాభై అయిదేళ్ళు, ఆమెకు యాభై రెండు. నాకది మొదటి పెళ్ళి, ఆమెకు రెండోది. ఆమె మొదటి భర్త గుస్తావ్ నాకు బాగా తెలిసినవాడే. ఇరవై రెండేళ్ళు ఒకే కార్ఖానాలో పనిచేశాం. మా ఊళ్ళో మగవాళ్ళలో సగం మంది క్లారినెట్లు చేసి బతికేవాళ్ళు. నేను కర్ర పనివాణ్ణి. నల్లచేవ దుంగల్ని లేతు మీద గొట్టాలుగా తీసేవాణ్ణి. గుస్తావ్‌ది లోహం పని. వాద్యం మీద వేళ్ళు ఆనే మీటలు, వాటి కింద స్ప్రింగులు అతని చేతుల్లోంచి వచ్చేవి. వాద్యాలకు గిరాకీ తగ్గిన నెలల్లో యజమాని అదే బల్లల మీద కాఫీ కూజాలు చేయించేవాడు. గాజు కూజా, దాన్ని పట్టి ఉంచే లోహపు చట్రం, మూత మధ్యలోంచి దిగే కాడ, కాడ చివర సన్నటి జల్లెడ. బయటివాళ్ళు దాన్ని ఫ్రెంచ్ ప్రెస్ అంటారట. మాకు అది కాఫీ కూజా, అంతే.

పంతొమ్మిది వందల డెబ్బై ఒకటిలో గుస్తావ్ బల్ల దగ్గర నిలబడి ఉండగానే గుండె ఆగి చనిపోయాడు. రెండేళ్ళ తర్వాత ఒక చలికాలం ముందు నేను అద్దెకున్న ఇంటి పెరట్లో చెట్టు ఆపిల్ పళ్ళు విరగ్గాసింది. ఒక బుట్ట నింపి లియోనీ గుమ్మంలో పెట్టి వచ్చాను. బుట్ట తిరిగి వచ్చింది, లోపల ఒక జాడీ ఆపిల్ మురబ్బాతో. జాడీ తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. అలా మొదలైంది. మరుసటి ఏడు జూన్‌లో ఊరి మేయరు ముందు సంతకాలు పెట్టి, నా అద్దె గది ఖాళీ చేసి ఆమె ఇంటికి వచ్చేశాను.

నేను వచ్చేసరికి ఆమె గుస్తావ్ వస్తువులన్నీ తీసేసింది. కోట్లు చర్చి వాళ్ళకిచ్చింది. పనిముట్లు అతని మేనల్లుడు పట్టుకెళ్ళాడు. మంచం కూడా కొత్తది. నాకోసం ఇంత చేసిందే అని మనసు నిండిపోయింది. మొదటి ఉదయం వంటింట్లోకి వెళ్ళి చూస్తే పొయ్యి పక్కన ఒక కాఫీ కూజా ఉంది.

అది కార్ఖానా సరుకు కాదు. గుస్తావ్ సొంతంగా చేసుకున్నది. నాలుగు కాళ్ళూ లోపలికి కాస్త వంగి, కూర్చున్న జంతువు కాళ్ళలా ఉంటాయి. కాడ పైన పట్టుకునే నల్లటి కర్ర గుండు నేను లేతు మీద తీసిందే. యాభై ఎనిమిదిలో కాబోలు, "ఒక గుండు తీసిపెట్టరా, ఇంట్లోకి" అని అడిగితే మధ్యాహ్నం తిండి వేళ తీసిచ్చాను. ఇప్పుడది నన్ను గుర్తుపట్టనట్టు అతని కూజా మీద కూర్చుని ఉంది.

లియోనీ కాఫీ చేసే పద్ధతి ఎప్పుడూ ఒకటే. ముందు కూజాలో వేడినీళ్ళు పోసి, తిప్పి, పారబోస్తుంది. గింజల్ని చేతిమరలో గళ్ళ ఉప్పంత బరకగా విసురుతుంది. మనిషికి రెండు చెంచాల పొడి. నీళ్ళు మరిగాక పొయ్యి మీంచి దించి, పొంగు పూర్తిగా అణిగేదాకా ఆగుతుంది. పోసి, కర్ర చెంచాతో ఒక్కసారి కలిపి, మూత పెడుతుంది. అక్కణ్ణించి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ కిటికీ వైపు తిరిగి నిలబడుతుంది. మాట్లాడదు. మాట్లాడిస్తే పలకదు. గడియారం చూడకుండానే వేళ తెలిసినట్టు వెనక్కి తిరిగి, అరచేత్తో కాడను మెల్లగా దించుతుంది.

మొదటి వారంలో ఒకరోజు అడిగాను.

"నేను నొక్కనా?"

"వద్దు. నీది లేతు పట్టే చెయ్యి. కుర్చీలో పడుకున్న పిల్లిని నిద్రలేపకుండా పక్కకి జరిపినట్టు నొక్కాలి అనేవాడు గుస్తావ్."

"గుస్తావ్ పిల్లుల్ని కాలితో తన్నడం నేను చూశాను."

"అనేవాడు అన్నాను. చేసేవాడు అన్లేదు."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ రోజు లేతు ముందు నిలబడ్డంతసేపూ ఆ మాటే మెదిలింది. పెళ్ళి చేసుకుని వచ్చిన ఇంట్లో నేను ముట్టుకోకూడని వస్తువు ఒకటుంది. నేను వెళ్ళలేని నాలుగు నిమిషాలున్నాయి. ఆ నాలుగు నిమిషాలు ఆమె ఎవరితో గడుపుతుందో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. కార్ఖానాలో గుస్తావ్ కళ్ళు ఏడాదికేడాది పెరుగుతూనే ఉన్నాయి. మీట సరిగ్గా పడకపోతే "గుస్తావ్ ఉంటేనా" అనేవాడు మేస్త్రీ. కార్మిక సంఘం విందులో ఎవరో అతని పేరు మీద గ్లాసు ఎత్తేవారు. నేనూ ఎత్తేవాణ్ణి, ఎత్తకపోతే చూస్తారని. బతికున్నవాడైతే ఏదో ఒకరోజు తప్పు చేస్తాడు, తాగి తూలుతాడు, ముసలివాడవుతాడు. పోయినవాడితో పోటీ పడితే మనమే రోజురోజుకీ ముసలివాళ్ళమవుతాం.

రెండో నవంబరులో లియోనీ పుట్టినరోజు వచ్చింది. ఎవ్రూ పట్నంలో వంటసామాను అమ్మే మదాం లెకోక్ దుకాణానికి బస్సులో వెళ్ళాను. ఆవిడ నా ముందు అరడజను కూజాలు వరసగా పెట్టింది.

"ఎంతమందికి మొస్యూ?"

"ఇద్దరికి."

"అయితే పెద్దది వద్దు. సగం ఖాళీగా ఉంటే కాఫీ చల్లారిపోతుంది. ఇదిగో, కాడ పైకి లాగి చూడండి. గోడకి రాసుకుంటూ రావాలి, అలాగని బిగుసుకుపోకూడదు. వదులుగా వచ్చిందంటే పొడంతా మీరు తాగే గిన్నెలోకే."

నేను ఒక్కొక్కటీ లాగి చూశాను. గాజువి, పింగాణీ పూసినవి, పూర్తిగా స్టీలువి.

"వీటిలో అన్నిటికన్నా మంచిదేది?"

"దేనికంటే మంచిది కావాలి?" అంది ఆవిడ.

"పగలనిది ఏది?" అని మార్చి అడిగాను.

స్టీలుది చూపించింది. రెండు గోడలది, గంటసేపు వేడి నిలుపుతుందట. అద్దంలా మెరుస్తోంది. దాని పొట్టలో నా ముఖం వెడల్పుగా, ఆశగా కనిపించింది. కట్టించుకున్నాను.

లియోనీ కాగితం విప్పి, రెండు చెంపల మీదా ముద్దుపెట్టి, "చాలా బాగుంది అన్సెల్మ్" అంది. అని గాజు అలమరలో పెట్టింది. మర్నాడు పొద్దున పొయ్యి పక్కన మళ్ళీ అదే పాతది. మూడో రోజు ఆగలేకపోయాను.

"అలమరకి కొనలేదు నేను."

ఆమె నా వంక ఒకసారి చూసి స్టీలు కూజా దించింది. మూడు ఉదయాలు అందులోనే చేసింది. నాకు కాఫీ రుచితో పనిలేదు, ఆమె వీపునే చూస్తూ కూర్చున్నాను. మూడు రోజులూ అదే కిటికీ, అదే మౌనం. కూజా మారింది, ఆమె మారలేదు. అంటే గుస్తావ్ ఆ గాజులో లేడు. నాలుగో రోజు ఆమె పాతది తీస్తే నేను వారించలేదు. మంట మాత్రం ఇంకా లోపలికి దిగింది.

జనవరిలో ఒక ఉదయం, బయట నేల గడ్డకట్టి ఉంది. లియోనీ రొట్టెల కొట్టుకి వెళ్ళింది. ముందురోజు రాత్రి కూజా కడిగి పొయ్యి వేడి తగలని వెనక గదిలో బోర్లించింది కాబట్టి గాజు మంచుముక్కలా ఉంది. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆమె వచ్చేసరికి కాఫీ సిద్ధంగా ఉంచుదామనే అనుకున్నానని చాలాకాలం చెప్పుకున్నాను. వెచ్చబెట్టకుండా, పొంగు అణగకుండా, కుతకుత ఉడుకుతున్న నీళ్ళు నేరుగా పోశాను. ఏమవుతుందో నా చేతికి తెలుసు. చిన్న చప్పుడు వచ్చింది, మెటిక విరిచినంత. పెదవి నుంచి అడుగు దాకా గీత పడి, గాజు రెండుగా విచ్చుకుంది. నీళ్ళు బల్ల మీంచి నా చెప్పుల్లోకి కారాయి. ఒక్క క్షణం నాకు ఎంత హాయి కలిగిందో ఇప్పుడు దాచను.

లియోనీ చంకలో రొట్టెలతో వచ్చి గుమ్మంలో ఆగింది.

"మరిగేవి పోశావా?"

"అవును."

"ముందు వెచ్చబెట్టకుండా?"

"మర్చిపోయాను."

"ఏడాదిన్నరగా రోజూ ఎదురుగా కూర్చుని చూస్తున్నావు. మర్చిపోయావు."

"ఉండు, నేను తీస్తాను. చెయ్యి తెగుతుంది."

"నువ్వు ముట్టుకోకు."

గాజు ముక్కలు ఏరి పాత పేపర్లో చుట్టింది. చట్రాన్ని తుడిచి, గుడ్డలో కట్టి, అలమర పై అరలో పెట్టింది. అరిచి ఉంటే బాగుండేది. మర్నాడు చిన్న పెట్టె సర్దుకుని, బెర్నేలో ఉన్న వాళ్ళక్క జెర్మేన్ దగ్గరికి బస్సెక్కింది. అక్కకి మోకాళ్ళ నొప్పులంది. ఆ మోకాళ్ళు పదేళ్ళుగా నొప్పెడుతున్నాయి.

నేనూ, స్టీలు కూజా మిగిలాం. మొదటి పొద్దున కాఫీ పెట్టుకుందామని చూస్తే విసిరిన పొడి లేదు. చేతిమర ఎవడు తిప్పుతాడని కిరాణా కొట్లో మరపట్టిన మెత్తటి పొడి తెచ్చి వేశాను. నాలుగు నిమిషాలు ఆగి నొక్కితే కాడ సగంలో ఆగిపోయింది. లేచి నిలబడి ఒళ్ళంతా మోపి నొక్కాను. అది ఒక్కసారిగా దిగింది, కాఫీ మూత పక్కనుంచి చిమ్మి నా మణికట్టు మీద పడింది. తోలు ఊడింది. గిన్నెలో మిగిలింది తాగితే బురదలా ఉంది.

ఆ సాయంత్రం ఫిర్మిన్ వచ్చాడు. కార్ఖానాలో గుస్తావ్ పక్క బల్ల అతనిది. పనిమానేసి ఆరేళ్ళయింది. నా కట్టు చూసి కూర్చున్నాడు.

"ఎవడితో పోట్లాడావురా?"

"కాఫీతో."

"గెలిచిందెవరు?"

రెండు గ్లాసుల్లో ఆపిల్ సారా పోశాను. మీ ఇద్దరికీ చెడిందని ఊరంతటికీ తెలుసు అన్నాడు. ఎలా తెలుసన్నాను. "లియోనీ రొట్టెల కొట్లో బెర్నే బస్సు ఎన్నింటికని అడిగింది. తర్వాత నువ్వొచ్చి ఒక్కటే రొట్టె కొన్నావు. ఇంకేం కావాలి?" అన్నాడు. అప్పుడు చెప్పేశాను. మర్చిపోయానన్న మాట అతని దగ్గర అనలేదు.

ఫిర్మిన్ కూజా కోసం అటూ ఇటూ చూశాడు. "గుస్తావ్ కూజానే? దానికి దుకాణం గాజు పట్టదు. వాడు చట్రం ఒక పిసరు ఇరుకుగా చేశాడు, కాఫీ ఎక్కువసేపు వేడిగా ఉంటుందని. దానికోసం గాజు ఎక్కడో చేయించుకొచ్చాడు."

"పెళ్ళాం మీద అంత ప్రేమ."

"పెళ్ళామా?" ఫిర్మిన్ గ్లాసు కింద పెట్టాడు. "యజమానికి చూపించి మేస్త్రీ అవుదామని చేశాడురా. ఆయన తిప్పి చూసి, బాగుంది గానీ గిట్టుబాటు కాదు అన్నాడు. మూడు రోజులు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు వాడు. తర్వాత ఇంటికి పట్టుకెళ్ళాడు, ఇంకేం చేస్తాడు?"

ఆ మాట నా కడుపులోకి సారాకంటే వెచ్చగా దిగింది. ఎవరికీ అక్కర్లేక ఇల్లు చేరిన కూజా. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది. పొద్దున్నే సిగ్గేసింది. పోయినవాడు ఓడిపోయిన కబురు విని సంబరపడే స్థితికి వచ్చానా అని.

శనివారం చట్రం కిందికి దించాను. కొలత తీసుకుందామని విప్పడం మొదలుపెట్టాక నాకు అసలు దెబ్బ తగిలింది. ముప్ఫై అయిదేళ్ళుగా చేతిపని చేస్తున్నవాణ్ణి, చూస్తే తెలుస్తుంది. నాలుగు మరమేకులు, నాలుగింటి గాడులూ ఒకే దిక్కుకి ఆగేలా బిగించాడు. ఎవరికీ కనిపించని లోపలి వైపు కూడా ఆకురాయి గీత ఒక్కటి లేదు. కాళ్ళ వంపు నాలుగూ ఒకటే. అంతవరకు అతని పెళ్ళాం మనసు చూసి కుళ్ళుకున్నాను. ఆ శనివారం అతని చేతులు చూసి కుళ్ళుకున్నాను. రెండోదే ఎక్కువ నొప్పి.

గాజు కోసం ఎవ్రూలో మూడు దుకాణాలు తిరిగాను. మదాం లెకోక్ తన దగ్గరున్నవన్నీ చట్రంలో దింపి చూసింది. ఏదీ దిగలేదు. "స్టీలుది పగిలిందా మొస్యూ?" అని అడిగింది. చివరికి మా ఊరి మందుల దుకాణం మొస్యూ వాలే తన వెనక గదిలోంచి మందులు కలిపే గాజు పాత్ర ఒకటి తెచ్చాడు. దాని పక్కన తెల్లటి కొలత గీతలు, అంకెలు. చట్రంలో పెడితే సరిగ్గా కూర్చుంది.

ఇక జల్లెడ. కొత్త గాజు లోపలి వెడల్పు పాతదానికంటే వెంట్రుకవాసి ఎక్కువ. జల్లెడ అంచున చుట్టిన స్ప్రింగు కొత్తది వెయ్యాలి. నేను కర్ర మనిషిని. పని అయ్యాక మేస్త్రీని అడిగి, ఒకప్పుడు గుస్తావ్‌ది అయిన బల్ల దగ్గరే కూర్చున్నాను. మొదటి స్ప్రింగు విరిగింది. రెండోది గాజుని గీకింది. మూడో సాయంత్రం ఒకటి నిలిచింది, నిలిచిందనే అనుకున్నాను.

పదకొండో రోజు, గురువారం, లియోనీ వచ్చింది. పెట్టె దించి, టోపీ తీయకుండానే పొయ్యి పక్కకి చూసింది. కూజాని ఎత్తి అంకెలు చదివింది.

"ఇందులో దగ్గు మందు కలపొచ్చు."

"మొస్యూ వాలే ఇచ్చాడు."

"స్ప్రింగు ఎవరేశారు?"

"నేను."

"తెలుస్తోంది."

కోటు విప్పి చేతిమర తీసింది. వెచ్చబెట్టింది, పొడి వేసింది, పోసింది, కలిపింది, మూత పెట్టింది, కిటికీ వైపు తిరిగింది. నేను బల్ల దగ్గర కూర్చున్నాను. పదకొండు రోజులు పట్టుకున్న మాట రెండు నిమిషాలు కూడా ఆగలేదు.

"ఇప్పుడు కూడా అతనేనా?"

"ఎవరు?"

"గుస్తావ్. రోజూ ఇలా నిలబడి అతనితోనే ఉంటావు. నేను ఇక్కడ రొట్టె నములుతూ కూర్చుంటాను."

ఆమె తిరగలేదు. "ఇంకా అవ్వలేదు. ఆగు."

ఆగాను. ఆమె కాడ దించి, రెండు గిన్నెల్లో పోసి, నా ఎదురుగా కూర్చుంది.

"గుస్తావ్ ఎంత మాట్లాడేవాడో నీకు తెలీదా?"

"కార్ఖానాలో నోరు విప్పేవాడు కాదు."

"ఆ లేతుల మోతలో ఎవడు విప్పుతాడు? ఆ మాటలన్నీ మూటగట్టి ఇంటికి తెచ్చేవాడు. మేస్త్రీ గురించి, పక్కింటి కోడి గురించి, నేను ఉల్లిపాయ తప్పుగా కోస్తున్నాననీ. నిద్రలో కూడా. ఒక్క కాఫీ నానేటప్పుడే, చేతి గడియారం చూస్తూ నోరు మూసేవాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో, అన్సెల్మ్, నాకంటూ దొరికింది ఆ నాలుగు నిమిషాలే. అలవాటైపోయింది. అందులో గుస్తావ్ లేడు, నువ్వూ లేవు. కంచె మీద పిట్టలుంటే చూస్తాను."

"అయితే అతన్ని తలుచుకోవా?"

"ఎందుకు తలుచుకోను? బట్టలు ఆరేసేటప్పుడు తలుచుకుంటాను. ఆ తీగ కట్టింది అతనే. అది కూడా తెంపుతావా?"

నేను గిన్నెలోకి చూశాను. అప్పుడైనా నోరు మూసుకోవాల్సింది.

"ఆ కూజా నీకోసం చేయలేదు తెలుసా? మేస్త్రీ అవుదామని చేశాడు. ఫిర్మిన్ చెప్పాడు."

"తెలుసు. మూడు రోజులు ఇంట్లో కూడా మాట్లాడలేదు. భయమేసింది నాకు." ఆమె రొట్టె తుంచి కాఫీలో ముంచింది. "ఎవరికోసం చేస్తేనేం, కాఫీ బాగా వస్తుంది. నువ్వు కొన్నదాంట్లో పొడి దిగడం కనపడదు. కనపడనిది నాకు నచ్చదు. అంతే తేడా. ఆ గాజు నువ్వు కావాలనే పగలగొట్టావు."

"అవును."

"జెర్మేన్ అలాంటివాణ్ణి వదిలెయ్యమంది. ఇవాళ గాజు, రేపు ఇంకోటి అంది. పదకొండు రోజులు ఆలోచించాను."

"ఏమనుకున్నావు?"

"జెర్మేన్ కాఫీ ఘోరంగా ఉంటుంది."

ఆమె నవ్వలేదు. అందుకే నేనూ నవ్వలేదు. కాసేపటికి ఆమె నాలుక మీంచి ఒక పొడి రవ్వ వేలితో తీసి పళ్ళెం అంచున పెట్టింది.

"జల్లెడ పక్కనుంచి వస్తోంది."

"గుస్తావ్ అయితే రానిచ్చేవాడు కాదు."

"నేనన్లేదు."

"అనుకున్నావు."

"నువ్వు అనుకున్నావు," అంది. రెండో రవ్వ తీసి మొదటిదాని పక్కన పెట్టింది. గిన్నె మాత్రం చివరిదాకా తాగింది.

అది జరిగి తొమ్మిదేళ్ళయింది. ఆ స్ప్రింగు తర్వాత రెండుసార్లు మార్చాను, ఇప్పటికీ రోజుకొక రవ్వ వస్తూనే ఉంది. స్టీలు కూజా జెర్మేన్ వచ్చినప్పుడు బయటికి వస్తుంది. ఆమెకి వేడి నిలవడం ముఖ్యం, రుచి కాదు. లియోనీ కాఫీ మీద మూత పెట్టగానే నేను లేచి పెరట్లోకి వెళ్ళి కుందేళ్ళకి గడ్డి వేస్తాను. ఎవరూ వెళ్ళమన్లేదు. గూళ్ళ దగ్గర నిలబడితే వంటింటి కిటికీ సూటిగా కనిపిస్తుంది. ఆమె ముఖంలో ఏముందో చూడకూడదని, గడ్డి మీదే కళ్ళు పెట్టుకుంటాను. ఎప్పుడో ఒకరోజు తప్ప చూడను.